ఫిప్స్ మోడ్: ఆన్ చేసే ముందు పాత కీల సంగతి తేల్చుకోండి

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ (రెల్) 8, 9లలో ఫిప్స్ మోడ్, అంటే అమెరికా ప్రభుత్వ క్రిప్టో ప్రమాణాలకు కట్టుబడే మోడ్, ఆన్ చేయాలంటే రూట్‌గా ఒక్క కమాండ్: ఫిప్స్-మోడ్-సెటప్ --ఎనేబుల్. తర్వాత రీబూట్. నడుస్తున్న సర్వర్ మీద ఇది అలవోకగా కొట్టేస్తే మెషిన్ చక్కగానే లేస్తుంది, మనకే లోపలికి దారి ఉండదు. కారణం చాలాసార్లు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీయే.

ఈ మోడ్‌లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆమోదించిన, పరీక్షలో నెగ్గిన పద్ధతులే పనిచేస్తాయి. పై రెండు వెర్షన్లలో ఎడ్25519 కీలు, ఛాఛా20 సైఫర్ ఆ గీతకు అవతల ఉన్నాయి. మీ లాగిన్ కీ ఎడ్25519 ఒక్కటే అయితే రీబూట్ తర్వాత సర్వర్ దాన్ని ఒప్పుకోదు. కాబట్టి ముందే 3072 బిట్ల ఆర్ఎస్ఏ కీ గానీ, 256 బిట్ల ఈసీడీఎస్ఏ కీ గానీ తయారుచేసి సర్వర్‌లో చేర్చండి. ఉన్న సెషన్ మూయకుండా, ఇంకో విండోలో ఆ కొత్త కీతో లాగిన్ అయి చూడండి. సర్వర్ తానెవరో చూపించే హోస్ట్ కీకీ ఇదే వర్తిస్తుంది. క్లయింట్ దగ్గర ఎడ్25519 హోస్ట్ కీ మాత్రమే నమోదై ఉంటే, రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్టు హోస్ట్‌ను గుర్తుపట్టలేక ఆగిపోతుంది.

తర్వాత డిస్కు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే లక్స్2 మామూలుగా పాస్‌వర్డ్ నుంచి కీ తీయడానికి ఆర్గాన్2 రకం పద్ధతి (రెల్ 8లో ఆర్గాన్2ఐ, రెల్ 9లో ఆర్గాన్2ఐడీ) వాడుతుంది. అది మంచి పద్ధతే, కానీ ఆమోదిత జాబితాలో లేదు. రెల్ 9 కొత్త విడుదలల్లో ఇది కనిపిస్తే సెటప్ కమాండే ముందుకు సాగనివ్వదు. క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్ కొట్టి, ప్రతి కీ స్లాట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కు ఒక్కో చోటు) కింద పీబీకేడీఎఫ్ అన్న వరుస చదవండి. ఆర్గాన్2ఐ లేదా ఆర్గాన్2ఐడీ అని ఉంటే ముందు లక్స్ హెడర్‌ను బ్యాకప్ తీసి వేరే చోట పెట్టండి. ఆ తర్వాతే లక్స్‌కన్వర్ట్‌కీతో ఆ స్లాట్‌ను ఆమోదం ఉన్న పీబీకేడీఎఫ్2కి మార్చండి. స్లాట్ 0 మార్చి, రికవరీ పాస్‌వర్డ్ ఉన్న స్లాట్ 1ని వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు.

సెటప్ కమాండ్ మూడు పనులు చేస్తుంది: ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి (బూట్ మొదట్లో నడిచే చిన్న సిస్టమ్) ఫిప్స్ తనిఖీని చేరుస్తుంది, కెర్నెల్ లైన్‌కు ఫిప్స్=1 తగిలిస్తుంది, ఏ పద్ధతులు వాడొచ్చో చెప్పే క్రిప్టో పాలసీని ఫిప్స్‌కు మారుస్తుంది. చేత్తో కెర్నెల్ లైన్ ఒక్కటీ మార్చి ఊరుకుంటే పాలసీ పాతదే మిగిలి, మెషిన్ సగం అటూ సగం ఇటూగా తయారవుతుంది. పైగా /బూట్ వేరే పార్టిషన్‌లో ఉంటే బూట్=యూయూఐడీ పారామీటర్ కూడా ఉండాలి. అది లేకపోతే తనిఖీకి కెర్నెల్ మారలేదని చూసుకునే హెచ్‌మ్యాక్ ఫైల్ దొరకదు, బూట్ అక్కడే ఆగుతుంది. అప్పుడు గ్రబ్ మెనూలో ఈ నొక్కి, ఫిప్స్=1 తీసేసి ఒకసారి లేపి సరిచేయవచ్చు. ఇందుకే కన్సోల్ అందుబాటు లేని మెషిన్ మీద ఈ పని చేయకూడదు.

రీబూట్ అయ్యాక /ప్రాక్/సిస్/క్రిప్టో/ఫిప్స్_ఎనేబుల్డ్ ఫైల్‌లో 1 కనిపించాలి. దాంతో ఆగకండి. ఏదో ఒక ఫైల్ మీద ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎండీ5 నడపండి (ఎండీ5 ఆమోదం లేని పాత హాష్ పద్ధతి). ఎర్రర్ వస్తే మోడ్ నిజంగా పనిచేస్తున్నట్టు.

అప్లికేషన్లలోనూ ముందుగా విరిగేది ఎండీ5 దగ్గరే. పైథాన్‌లో హాష్‌లిబ్ ఎండీ5 పిలుపు వాల్యూఎర్రర్ విసురుతుంది. అది కేవలం క్యాష్ పేరు కోసమో, ఫైల్ మారిందో లేదో చూడటానికో అయితే, పైథాన్ 3.9 నుంచి యూజ్డ్‌ఫర్‌సెక్యూరిటీ=ఫాల్స్ అని చెబితే సరిపోతుంది. పాస్‌వర్డ్ దాచడానికి వాడుతున్నట్టయితే మాత్రం ఆ దారి పట్టకండి, కోడ్ మార్చండి.

రెల్ 9.2 నుంచి ఇంకో చిక్కు ఉంది. ఫిప్స్ మోడ్‌లో టీఎల్ఎస్ 1.2 (నెట్‌వర్క్ ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్) కనెక్షన్‌కు ఎక్స్‌టెండెడ్ మాస్టర్ సీక్రెట్ (ఈఎంఎస్) అనే అదనపు రక్షణ తప్పనిసరి. అది తెలియని పాత క్లయింట్లు హ్యాండ్‌షేక్‌లోనే పడిపోతాయి, లాగ్ చూస్తే సర్టిఫికెట్ తప్పేమో అనిపిస్తుంది. పాలసీని ఫిప్స్:నో-ఎన్‌ఫోర్స్-ఈఎంఎస్‌గా పెడితే కనెక్షన్ కుదురుతుంది, కానీ నిబంధన సడలుతుంది. క్లయింట్‌ను అప్‌డేట్ చేయడమే సరైన పని.

కంటైనర్లలో ఫిప్స్_ఎనేబుల్డ్ ఫైల్‌లోని 1 అంకెను చూసి మోసపోవడం తేలిక. ఆ ఫైల్ హోస్ట్ కెర్నెల్‌ది. కంటైనర్‌లో వేరే డిస్ట్రిబ్యూషన్ తాలూకు మామూలు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఉంటే, 1 కనిపిస్తున్నా లోపల ఎండీ5 హాయిగా నడుస్తుంది. సొంత క్రిప్టో లోపలే పెట్టుకున్న గో బైనరీలూ అంతే. గో 1.24 నుంచి దానికంటూ ఫిప్స్ 140-3 మాడ్యూల్ వచ్చింది, దాన్ని విడిగా ఆన్ చేసుకోవాలి.

విండోస్‌లో లోకల్ సెక్యూరిటీ పాలసీలో సిస్టమ్ క్రిప్టోగ్రఫీ కింద దీని సెట్టింగ్ ఉంటుంది. 2014లోనే మైక్రోసాఫ్ట్ దీన్ని అందరికీ సిఫారసు చేయడం మానేసింది, నిబంధన ఉన్నవాళ్లే వాడమంది. నా అభిప్రాయమూ అదే: ఒప్పందంలోనో చట్టంలోనో అడిగితేనే ఆన్ చేయండి. మామూలు సర్వర్‌కు డిఫాల్ట్ పాలసీ బలహీనమేమీ కాదు.

ఆఫ్ చేయడానికి అదే టూల్‌కు --డిజేబుల్ ఇచ్చి రీబూట్ చేయాలి. తర్వాత అప్‌డేట్-క్రిప్టో-పాలసీస్ --షో కొట్టి ఏ పాలసీ మిగిలిందో చూడండి. ఆఫ్‌లో ఉన్న కాలంలో పుట్టిన కీలను మాత్రం విడిగా రాసి పెట్టుకోండి. మళ్లీ ఆన్ చేసినా అవి ఆమోదిత పద్ధతిలో పుట్టిన కీలు అయిపోవు, మోడ్ వాటిని తిరిగి తయారుచేయదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే బూట్ మెనూలో కెర్నెల్ లైన్ చివర ఫిప్స్=1 చేర్చమని రెడ్ హ్యాట్ చెప్పడానికి కారణం ఇదే: మొదటి హోస్ట్ కీ, మొదటి డిస్కు కీ కూడా ఆ మోడ్‌లోనే పుడతాయి. రెల్ 10లో ఫిప్స్-మోడ్-సెటప్ కమాండ్‌నే తీసేశారు. అక్కడ మోడ్ ఇన్‌స్టాలేషన్‌లోనే ఎంచుకోవాలి. రెల్ 9 నుంచి మారే ఆలోచన ఉంటే, కొత్త మెషిన్ ఫిప్స్‌లో ఇన్‌స్టాల్ చేసి డేటా తరలించేలా ఇప్పుడే ప్లాన్ వేసుకోండి.