యశో జనేఽసాని స్వాహా: సన్మానం అందుకున్న గురువుకు ఉపనిషత్తు చూపిన దారి

సెప్టెంబరు 5న ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం అందుకున్న మాస్టారిని సంతోషంతో పాటు ఒక సంకోచం కూడా పట్టుకుంటుంది. పొంగిపోతే అహంకారమా? ముభావంగా ఉంటే ఇచ్చినవారిని చిన్నబుచ్చినట్టా? కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం శీక్షావల్లి. అందులో గురువుకు ఈ సంకోచమే లేదు. అగ్ని ముందు కూర్చుని, "యశో జనేఽసాని", అంటే జనంలో నాకు కీర్తి కలగాలి అని అడిగేస్తాడు. అడగడం తప్పు కాదు. ఏ కోరికల మధ్య అడిగాడో చూడాలి.

శీక్షావల్లి నాలుగో అనువాకం (మంత్రాల విభాగం)లోని ఈ మంత్రాలతో చేసేదే ఆవహంతీ హోమం. గురువు మొదట అడిగేది మేధ. వెంటనే చురుకైన శరీరం, తేనెలాంటి నాలుక, ఎంతైనా వినగల చెవులు, విన్నది మరవకుండా కాపాడమనే ప్రార్థన. పాఠం చెప్పేవాడికి కావలసిన సరంజామా అంతా ఇదే. ఆ తరువాత బట్టలు, ఆవులు, అన్నపానాలు. శిష్యులు వస్తే వాళ్లకు తిండీ బట్టా ఉండాలి కదా! అప్పుడు "ఆ మా యన్తు బ్రహ్మచారిణః స్వాహా" (బ్రహ్మచారులు నా దగ్గరికి రావాలి) అంటూ శిష్యుల కోసం వరుసగా ఐదు ఆహుతులు. ఇంద్రియనిగ్రహం, శాంతం ఉన్న పిల్లలు రావాలన్న కోరికా అందులోనే ఉంది.

అవి పూర్తయ్యాకే "యశో జనేఽసాని స్వాహా". కీర్తికి ఒక్కటే ఆహుతి. అక్కడితో ఆగడు. వేయి శాఖల భగవంతుడా, నీలో నన్ను శుద్ధి చేసుకుంటాను అంటాడు. కీర్తి అడిగిన కాసేపటికే శుద్ధి అడగడం ఈ అనువాకంలో అన్నిటికన్నా గొప్ప విషయం. మళ్లీ చివరకు శిష్యుల దగ్గరికే వస్తాడు: నీళ్లు పల్లానికి పారినట్టు, నెలలు సంవత్సరంలో కలిసినట్టు, అన్ని దిక్కుల నుంచీ విద్యార్థులు నా దగ్గరికి రావాలి. కీర్తికి ముందూ పిల్లలే, తరువాతా పిల్లలే.

తెలుగునాట కృష్ణయజుర్వేదులు ఎక్కువ కాబట్టి ఈ హోమం తెలిసిన పురోహితులు దొరుకుతారు. ప్రతి స్వాహాకారానికీ ఒక నేతి ఆహుతి, ఆ వెంటనే యజమాని, అంటే హోమం చేయించుకునేవారు, "ఇదం న మమ" (ఇది నాది కాదు) అనాలి. చాలాచోట్ల ఈ త్యాగవాక్యాన్ని పురోహితుడే గబగబా అనేస్తాడు, యజమాని చేతులు జోడించి చూస్తూ కూర్చుంటాడు. సన్మానం పొందినవారు ఆ మాట తమ నోటితోనే అనాలి. కీర్తి అడిగిన నోరే ఇది నాది కాదు అని వదులుకోవడంలో ఉంది ఈ కర్మ సారమంతా. ఇంకొక పొరపాటు, "యశో జనే" అన్న ముక్కను మాత్రం విడదీసి జపం చేయడం. ముందువెనకలు తీసేస్తే అది వట్టి కీర్తికాంక్షగా మిగులుతుంది. వేదమంత్రాల స్వరం (ఉచ్చారణలోని హెచ్చుతగ్గులు) గురుముఖంగా నేర్వనివారు రికార్డింగు విని స్వరంతో చదవడానికి ప్రయత్నించకపోవడం మంచిది. దానికి బదులు దీపం వెలిగించి, ఈ మంత్రాల అర్థం వరుసగా చదువుకుని, అరచేతిలో అక్షతలూ నీళ్లూ తీసుకుని "పరమేశ్వరార్పణమస్తు" అంటూ పళ్లెంలో విడవవచ్చు.

మూడో అనువాకం మొదట్లోనే "సహ నౌ యశః" అని ఉంది. యశస్సు గురుశిష్యులిద్దరికీ కలిసే రావాలని. అందుకని అభినందన సభలో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు అధికారుల పేర్లతో పాటు పిల్లల ప్రస్తావన తప్పక రావాలి. బాగా చదివినవాళ్లదే కాదు, పదేపదే అడిగి పాఠాన్ని ఇంకోలా చెప్పించినవాళ్లది కూడా.

పదకొండో అనువాకంలో, చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి గురువు ఇలా చెబుతాడు: మాలోని మంచి నడవడినే అనుసరించు, "నో ఇతరాణి", మిగతావి వద్దు. ప్రశంసాపత్రంలో గుణాలే రాస్తారు, ఆ మిగతావి ఏమిటో గురువుకే తెలుసు. దేవుడి ముందు పత్రం పెట్టినప్పుడు వాటినీ విన్నవించుకోవాలి. గురువుకు ప్రియమైన ధనం తెచ్చి ఇవ్వమన్నదీ ఆ అనువాకమే. తమకు చదువు చెప్పినవారు ఇంకా ఉంటే, సన్మానపు శాలువా, పండ్లు తీసుకుని ఆ వారంలోనే వారి ఇంటికి వెళ్లి నమస్కరించి రావాలి.