పూతరేకు పాదాలు, పాత చీరల బొంత

చెవులపిల్లిని పెంచేవాళ్లు దాని చెవులు చూస్తారు, కళ్లు చూస్తారు, ఇంకా శ్రద్ధ ఉంటే పళ్లు చూస్తారు. అరికాళ్లు తిరగేసి చూసేవాళ్లు తక్కువ. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు దానికి కాలి కింద మెత్తలు ఉండవండీ. ఒత్తైన బొచ్చే దానికి ఆసరా. అది అరిగిపోతే ఒంటి బరువంతా మడమ దగ్గర పలచటి చర్మం మీద, ఆ వెంటనే ఎముక మీద పడుతుంది.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇంట్లోనే మిషను కుడతాను. మిషను పక్కన బోనులో మా చెవులపిల్లి పూతరేకు ఉంటుంది, తెల్లగా, బొద్దుగా. బోను కొన్నప్పుడు అడుగంతా ఇనప జాలీయే. పెంటికలు కిందకి రాలిపోతాయి, కడిగే పని ఉండదన్నాడు అమ్మినాయన. పని తగ్గేది మనకి, తీగలు ఒత్తుకునేది దాని మడమలకి. గరుకు గచ్చు బొచ్చుని అరగదీస్తుంది, నున్నటి టైల్స్ మీద కాలు నిలవదు. ఊక పోస్తే దుమ్ము.

ముసురు పట్టిన రోజుల్లో పూతరేకు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ కూర్చోవడం కనిపించింది. నేల మీద కూర్చుని దాని వీపు నా పొట్టకి ఆనించి, తుంటి కింద చెయ్యి వేసి పట్టుకుని చూశాను. తుంటికి ఆసరా లేకుండా ఎత్తకండి, గట్టిగా తన్నుకుంటే నడుమే విరగొచ్చు. వెనక ఎడమ మడమ మీద బొచ్చు విడిపోయి, కందిగింజంత ఎర్రటి మచ్చ ఉంది. పుండు పడలేదు, చెక్కు కట్టలేదు. అప్పటికే కనబడడం అదృష్టం.

జాలీ మీద చెక్క పలక వేసి, నా పాత నేత చీరలు నాలుగు మడతలు పెట్టి బొంత కుట్టాను. అంచులు లోపలికి మడిచి దగ్గర దగ్గరగా కుట్టెయ్యాలి. వేలాడే దారం కొరికి మింగితే పేగులకి అడ్డం పడుతుంది. గోనెసంచి వెయ్యకూడదనేది కూడా అందుకే. పైన దట్టంగా ఎండుగడ్డి. తడిసిన బొంత తీసి రెండోది వేస్తాను. మన దగ్గర వానాకాలంలో గుడ్డ ఆరదు కదా, ఇస్త్రీ పెట్టెతో ఆరబెడతాను. తడే అసలు శత్రువు. ఉచ్చతో నానిన చర్మం పగులుతుంది, పగుల్లోంచి క్రిములు దిగుతాయి. వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, అది ఇంకా ప్రమాదం.

గోళ్లు పెరిగితే వేళ్లు పైకి లేచి బరువు మడమ మీదకి మళ్లుతుంది, కత్తిరించాలి. అరికాలి బొచ్చు మాత్రం కత్తిరించకండి. ఒళ్లు పెరగకుండా బిస్కెట్లు, గింజలు మానిపించి గరిక, ఎండుగడ్డి పెట్టాను. గరిక మందు కొట్టిన చేల గట్ల మీదది కాకూడదు. రోజూ కాసేపు మెత్తటి చోట తిరగనివ్వాలి.

"కాస్త పసుపూ కొబ్బరినూనే రాసెయ్యకపోయావా వదినా?" అంది పక్కింటావిడ. నూనె రాస్తే బొచ్చు అతుక్కుని మురికంతా పట్టుకుంటుంది, పైగా అది నాకేస్తుంది. చర్మం చిట్లితే గాయాలు కడిగే మందు పోవిడోన్ అయోడిన్‌లో బాగా నీళ్లు కలిపి తుడిచి, పొడిగా అద్దాలి. సొంతంగా కట్లు కట్టొద్దు.

వాపు, చీము, కుంటడం కనిపిస్తే ఇంట్లో వైద్యం ఆపెయ్యండి. దీని చీము జున్నులా గట్టిగా ఉంటుంది, నొక్కితే కారదు. వదిలేస్తే ఎముకకి పాకుతుంది. నొప్పితో మేత మానేసి పూటంతా గడిచిందంటే ఇక తెల్లారేదాకా ఆగకూడదు.

మన వైపు పశువుల డాక్టర్లకి ఎక్కువగా గేదెలూ కోళ్లే వస్తాయి కాబట్టి ఒక్క మాట మీరే ముందు గుర్తు చెయ్యండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి యాంటీబయోటిక్ మందులు నోటి ద్వారా వేస్తే చెవులపిల్లి పేగులు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. మనుషుల మందుల పెట్టెలో మిగిలిన బిళ్ల అసలు వెయ్యొద్దు. నొప్పికీ, చీముకీ దీనికి సరిపడే మందులు వేరే ఉన్నాయి, మోతాదు డాక్టరుగారు బరువు తూచి రాస్తారు.