తీసేయ్ అంటే ఏం తీసేయాలి?

తెనాలిలో మా బాబాయికి టెంట్ హౌస్ ఉంది. మూడొందల పైచిలుకు ప్లాస్టిక్ కుర్చీలు. ప్రతి కుర్చీ వీపు మీదా పెయింటుతో షాపు పేరు, కింద ఫోన్ నంబరు. పెళ్లిలో వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి అక్షింతలు వేసేదాకా చూడ్డానికి ఇంకేం ఉండదు, ఆ నంబరు తప్ప. ఆయన పబ్లిసిటీ అంతా అదే. కోవిడ్‌లో ఆర్డర్లు ఆగిపోయాయి, ఆ సిమ్ ఉన్న డబ్బా ఫోను సొరుగులో పడిపోయింది, రీఛార్జ్ మాట మర్చిపోయాడు. ప్రీపెయిడ్ సిమ్‌ని 90 రోజులు అసలు వాడకపోతే కనెక్షన్ తీసేయొచ్చు. అలా పోయిన నంబరుని ఇంకో 90 రోజులు ఎవరికీ ఇవ్వరు, ఆ తర్వాత ఎవరికైనా ఇచ్చేస్తారు. బాబాయికి గుర్తొచ్చేసరికి అది నల్లగొండలో ఎవరో కుర్రాడి చేతిలో ఉంది.

పోయిన నెల ఆఫీసులో నాకు ఆ కుర్చీలే గుర్తొచ్చాయి. హైదరాబాద్‌లో టెక్నికల్ రైటర్‌ని. ఏఐ ఏజెంట్లు, అంటే మనం చెప్పిన పనిని సొంతంగా చేసిపెట్టే ప్రోగ్రాములు, ఫోన్ నంబర్లు కొనడానికి, కాల్స్ మళ్లించడానికి, అక్కర్లేని నంబర్లు వదిలేయడానికి మా వాళ్ళు టూల్స్ చేస్తారు, ఏజెంట్ చదువుకుని నడుచుకునే వివరణలు వాటికి నేను రాస్తాను. కొనడంలో తప్పు జరిగితే ఒక నెల అద్దె పోతుంది. మళ్లించడంలో జరిగితే దిద్దుకోవచ్చు. వదిలేస్తే మాత్రం అంతే సంగతులు.

ఆ మూడో టూల్‌కి ఇంజనీర్లు పంపిన వివరణ ఒక్క లైను: "అకౌంట్ నుంచి నంబరుని రిలీజ్ చేస్తుంది." మనకేమో రిలీజ్ అంటే కటౌట్లు, పాలాభిషేకాలు. నేను దానికి ఇంకో లైను తగిలించాను: "వాడకంలో లేని నంబర్ల అద్దె ఆదా చేసుకోవడానికి ఉపయోగపడుతుంది." ఆ లైను నాదే, ఎవరి మీదకీ నెట్టను.

టెస్టింగ్‌లో ఏజెంట్‌కి "ఈ నెల బిల్లు తగ్గించు" అని చెప్పాం. 30 రోజులుగా కాల్స్ లేని నంబర్లు మూడు దొరికాయి దానికి. నా లైను చదువుకుంది, మూడూ వదిలేసింది. టెస్ట్ అకౌంటే, కానీ నంబర్లు నిజమైనవి. అందులో ఒకటి మా సేల్స్ వాళ్ళు డెమోలకి వాడేది. దానికి కాల్స్ రావు, ఓటీపీలే వస్తాయి. తిరిగి ఇప్పించమని నంబర్లు ఇచ్చేవాళ్ళకి మెయిల్ పెడితే కుదరదన్నారు.

మనిషి చదివే డాక్యుమెంటులో ఎర్ర డబ్బా గీసి హెచ్చరిక రాస్తే చెయ్యి కాస్త ఆగుతుంది. టీ తాగొచ్చి చేద్దాంలే అనుకుంటాడు. ఏజెంట్‌కి టీ లేదు. ఏజెంట్లకి టూల్స్ తగిలించే పద్ధతి ఒకటుంది, ఎంసీపీ అని. అందులో ఇలాంటి టూల్‌కి 'డిస్ట్రక్టివ్ హింట్', అంటే ఇది పోగొట్టే పని అన్న సూచన, గుర్తుగా పెట్టొచ్చు, పెట్టాం కూడా. కానీ అది పేరుకి తగ్గట్టు హింటే. ఏజెంట్‌ని నడిపే అప్లికేషన్ పట్టించుకుంటే మనిషిని అడుగుతుంది, లేకపోతే లేదు.

ఇంకోటి చూశాం. "చివర 4417 ఉన్న నంబర్ వదిలేయ్" అన్నాం. పని అయిపోయింది గానీ జవాబు రాకముందే టైమౌట్, ఎదురుచూసే గడువు దాటిపోయింది. ఏజెంట్ అదే టూల్‌ని మళ్ళీ పిలిచింది, "ఆ నంబరు లేదు" అని వచ్చింది. సరేలే అని ఊరుకోలేదు. లిస్టు తెచ్చుకుని, చివర 4417 ఉన్న ఇంకో నంబరు పట్టుకుంది. లాగ్ చూస్తూ కూర్చున్నాం కాబట్టి ఆపగలిగాం. రెండోసారి పిలిచినా నష్టం లేదు కదక్కా అని అంతకుముందే వాదించిన మా టీమ్ కుర్రాడు ఆ పూట మరి మాట్లాడలేదు.

అన్నిటికన్నా నన్ను తిప్పలు పెట్టింది 'తీసేయ్'. మా కస్టమర్లలో తెలుగులో చెప్పేవాళ్ళు చాలామంది. "ఆ నంబర్ తీసేయ్" అంటే కాంటాక్టుల్లోంచా, గ్రూపులోంచా, కాల్ ఫార్వర్డింగ్‌లోంచా? ఇంట్లో లైటు తీసేయ్ అంటే ఆర్పమని, హోల్డర్‌లోంచి బల్బు ఊడదీయమని కాదు. ఏజెంట్ సరిగ్గా బల్బు ఊడదీసే రకం.

ఇప్పుడు వివరణ ఇలా ఉంది: "నంబరుని శాశ్వతంగా వదిలేస్తుంది. వెనక్కి తేలేరు. తర్వాత అది వేరేవాళ్ళకి వెళ్తుంది, దానికొచ్చే ఓటీపీలు కూడా. తీసేయ్, ఆపెయ్, వద్దు అన్న మాటలకి ఈ టూల్ వాడకండి, ఏం కావాలో అడగండి. ప్లస్ 91తో మొత్తం నంబరు ఇవ్వాలి. నంబరు లేదని జవాబొస్తే ఆగిపోండి, ఇంకోటి వెతకొద్దు."

మాటల మీదే వదిలేయడం నాకిష్టం లేక రెండు మెట్లు పెట్టమని పోరాను. మొదటిసారి పిలిస్తే ఏమేం పోతాయో చూపించి ఒక కోడ్ ఇస్తుంది, ఆ కోడ్ ఇస్తేనే రెండోసారి పని జరుగుతుంది. మా వాళ్ళు మొదట ఆ కోడ్‌ని ఏజెంట్‌కే తిరిగిచ్చారు. తాళమూ తాళంచెవీ ఒకే మేకుకి తగిలించినట్టు. అదేమో సెకనులో కోడ్ తీసుకుని పని కానిచ్చేసింది. ఇప్పుడు కోడ్ అకౌంట్ ఓనర్ ఫోనుకి పోతుంది.

ఇదంతా ఆదివారం బాబాయికి చెప్తే, "మీ మిషన్‌కి ఫోన్ చేసి అడిగే బుద్ధన్నా ఉంది, నాకెవరు చేశారే అమ్మాయ్" అన్నాడు. కుర్చీల మీద కొత్త నంబరు వేయించడం ఇంకా సగం కూడా కాలేదు. పాత నంబరుకి ఎవరైనా షామియానా కావాలని చేస్తే నల్లగొండ కుర్రాడు విసుక్కోకుండా, "ఒక్క నిమిషం అండి, కొత్త నంబర్ రాసుకోండి" అంటున్నాడట. దీపావళికి బాబాయి అతనికి స్వీట్లు పంపాడు.