కవలలకి డబుల్ స్ట్రోలర్: మా అమ్మ తోసి చూశాకే కొన్నాం

మొన్న మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది, స్కాన్‌లో ఇద్దరని తేలిందట, అక్కా ఏ డబుల్ స్ట్రోలర్ కొనమంటావు అని అడిగింది, అదే, ఇద్దరు పిల్లల్ని పెట్టి తోసుకెళ్ళే బండి. ఒక పేరు చెప్పేస్తే అయిపోయేది గానీ నేను చెప్పలేదు. మీ ఇల్లు ఏ ఫ్లోరు, లిఫ్ట్ ఉందా, కారేంటి, డెలివరీకి పిన్ని వస్తుందా మీ అత్తగారొస్తారా, వచ్చేవాళ్ళ ఎత్తెంత అని అడిగా. స్ట్రోలర్‌కీ మా అత్తగారి ఎత్తుకీ ఏం సంబంధం అక్కా అంది. చాలా ఉంది. ఫోన్లో గంట చెప్పినా సగమే చెప్పగలిగా, అందుకే మిగతాది ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్. మేడమీద అపార్ట్‌మెంట్, లిఫ్ట్ లేదు, పదిహేను మెట్లు. కారు పాత కామ్రీ. మా బాబూ పాపా ఫిబ్రవరిలో 35 వారాలకే పుట్టేశారు, తొమ్మిది రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, ఉన్నారు. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారని డాక్టరు ముందే చెప్పింది, అయినా సామాన్లన్నీ తొమ్మిదో నెలలో చూసుకుందాంలే అని వదిలేశాం, ఆ తొమ్మిదో నెల సరిగ్గా మొదలవకుండానే వీళ్ళొచ్చేశారు. కడుపులో ఇద్దరున్నవాళ్ళు దయచేసి ఏడో నెలలోనే తేల్చేసుకోండి.

హాస్పిటల్లో ఉండగానే మా ఆయన రివ్యూలు చదివి ఆన్‌లైన్లో ఒకటి ఆర్డర్ పెట్టేశారు. ఒకరి వెనక ఒకరు కూర్చునే రకం, కొత్తది, నక్షత్రాలు బోలెడు. ఏ కంపెనీదో చెప్పను, ఆ బండి తప్పు కూడా కాదది, మాకు కుదర్లేదంతే. మడిస్తే కామ్రీ డిక్కీలో పట్టలేదు, ముందు చక్రాలు ఊడదీస్తేనే పట్టింది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ 4 అడుగుల 11 అంగుళాలు, హ్యాండిల్ ఆవిడ ఛాతీ దాకా వచ్చింది. పార్కింగ్‌లో ఖాళీ బండి ఒక రౌండు తోసి ఫుట్‌పాత్ గట్టు దగ్గర ఆగిపోయింది. పొడుగు బండి కదా, గట్టెక్కించాలంటే వెనక్కి నొక్కి ముందు చక్రాలు పైకి లేపాలి, ముందు సీట్లో పిల్ల బరువుంటే ఇంకా కష్టం. "ఇదేంటే, మిర్చి యార్డులో తోపుడు బండిలా ఉంది, నా మోకాళ్ళతో ఇది నా వల్ల కాదమ్మా" అంది. నాకు ఆపరేషన్ డెలివరీ, ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు, ఆయన వారం తిరిగేసరికి ఆఫీసుకెళ్ళాలి. అంటే రోజూ తోసేది ఎవరు, అమ్మే కదా. ఆ మాట కొనేముందు మా ఇద్దరికీ తట్టలేదు. మర్నాడే రిటర్న్ చేశాం.

మొదటి రెండు నెలలు ఒక ఫ్రెండ్ ఇచ్చిన ఫ్రేమ్ వాడాం. అంటే సీట్లుండవు, ఉత్త చట్రం చక్రాలు, కారులోంచి రెండు కార్ సీట్లు తీసి దానిమీద టక్కున తగిలించడమే, బేబీ ట్రెండ్ వాళ్ళ డబుల్ స్నాప్ ఎన్ గో అలాంటిదే. డాక్టర్ దగ్గరికి వెళ్ళి రావడానికి అంతకన్నా హాయి లేదు, నిద్రపోతున్న పిల్లల్ని లేపక్కర్లేదు. కానీ కార్ సీట్లో పిల్లలు కొంచెం ముడుచుకుని ఉంటారు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి తల ముందుకి వాలితే ఊపిరికే ఇబ్బంది, అందుకే డిశ్చార్జికి ముందు మా ఇద్దర్నీ కార్ సీట్లో కూర్చోబెట్టి మానిటర్ పెట్టి మరీ చూశారు. ప్రయాణానికి సరే గానీ గంటలకొద్దీ అందులోనే పడుకోబెట్టొద్దని నర్సు గట్టిగా చెప్పింది. ఇంకోటి, ఫ్రేమ్ సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవచ్చు గానీ కార్ సీట్ మాత్రం తెలియనివాళ్ళ దగ్గర కొనకండి, వాటికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, పైగా యాక్సిడెంట్‌లో ఉన్నదో లేదో మనకి తెలీదు.

ఏప్రిల్‌కి చలి తగ్గింది, అమ్మ రోజూ రూజ్‌వెల్ట్ పార్కులో చెరువు చుట్టూ తిప్పుదామంటోంది, అప్పుడు అసలు స్ట్రోలర్ వేట మొదలైంది. ఈసారి రివ్యూలు కాదు, టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచా. తలుపు వెడల్పు కొలిస్తే మోసపోతారు, తలుపు తెరిచి పెట్టి మధ్యలో మిగిలే సందు కొలవాలి, ఎందుకంటే తెరిచిన తలుపు మందం కూడా ఆ సందులోనే ఉంటుంది. 32 అంగుళాల తలుపుకి నికరంగా మిగిలేది 30 చిల్లర. పక్కపక్కన కూర్చునే స్ట్రోలర్లు చాలావరకు 30 దగ్గర ఉంటాయి, బేబీ జాగర్ సిటీ మినీ డబుల్ కూడా అంతే. మౌంటెన్ బగ్గీ డ్యూయెట్ ఒక్కటి 25 అంగుళాలే, సన్నటి సందులున్నవాళ్ళు అది చూడొచ్చు. కొత్త షాపులూ ఆఫీసులూ వికలాంగుల చట్టం ప్రకారం కనీసం 32 అంగుళాల సందు వదలాలి కాబట్టి పెద్ద స్టోర్లలో బాధ లేదు. ఓక్ ట్రీ రోడ్డులో మన పాత కిరాణా షాపుల సంగతి వేరు, తలుపు దాటినా లోపల పప్పుల మూటలు దారికి అడ్డంగా ఉంటాయి, అక్కడికి నేను ఒక్కదాన్నే వెళ్తా.

వెనకా ముందూ రకమా, పక్కపక్క రకమా అని అందరూ అడుగుతారు. ఒకే ఈడు పిల్లలకి నా ఓటు పక్కపక్క రకానికే. బరువు రెండు వైపులా సమానంగా ఉంటుంది, ఒక చేత్తో తిప్పినా తిరుగుతుంది, గట్టు ఎక్కించడం తేలిక, ఇద్దరికీ ముందున్నది కనిపిస్తుంది. ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కుంటారు, ఒకడి బిస్కెట్ ఇంకొకతె లాక్కుంటుంది, అది ఎలాగూ తప్పదు. సీట్లు మాత్రం దేనికది విడిగా వెనక్కి వాలాలి, పందిరి కూడా దేనికది ఉండాలి. మా బాబు బండి కదిలితే చాలు నిద్రపోతాడు, పాప కళ్ళింతలు చేసుకుని చెట్లన్నీ చూస్తుంది, రెండు సీట్లూ కలిసి వాలే బండైతే ఎవరో ఒకరు ఏడవాల్సిందే. మెడ నిలబడని పిల్లలకి దాదాపు పూర్తిగా పడుకునేలా వాలాలి, నెలలు తక్కువగా పుట్టినవాళ్ళకి ఆ లెక్క పుట్టిన రోజు నుంచి కాదు, డ్యూ డేట్ నుంచి వేసుకోవాలని మా పీడియాట్రీషియన్ చెప్పారు.

యూపాబేబీ విస్టా లాంటివి కూడా చూశాం, సింగిల్‌గా కొని తర్వాత కింద ఇంకో సీటు తగిలించుకోవచ్చు. మంచి బండే. కానీ ఆ రెండో సీటుకి 35 పౌండ్ల వరకే లిమిట్, అది పెద్దోడు చిన్నోడు తేడా ఉన్న ఇళ్ళకి బాగా కుదురుతుంది, ఒకే బరువున్న ఇద్దరికి కిందెవరు పైనెవరు అనేదే సమస్య.

మా ఊళ్ళ చుట్టుపక్కల కవలల తల్లుల క్లబ్బులున్నాయి, వాళ్ళు వసంతంలో ఒకసారి ఫాల్‌లో ఒకసారి పాత సామాన్ల సేల్ పెడతారు, అక్కడ దొరికింది మాది, 180 డాలర్లకి. ఆ రోజు పొద్దున వచ్చే దారిలో సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు రెండు కొన్నాం, డిక్కీలో ఉన్నాయి. ఏడాది పిల్ల ఇంచుమించు అంత బరువు. మా ఆయన సీటుకొక బస్తా పెట్టి బెల్టు కట్టారు, అమ్మ చేతికిచ్చి తొయ్యమన్నారు. సేల్ జరిగిన చర్చి పార్కింగ్‌లో అమ్మ రెండు రౌండ్లు తిప్పింది, గట్టెక్కించింది, దింపింది, వాలులో బ్రేకు తొక్కి వదిలేసి చూసింది, హ్యాండిల్ పైకీ కిందకీ మార్చి తన నడుం దగ్గర పెట్టుకుంది. తర్వాత బస్తాలు తీసి ఒక్కతే మడిచింది, అది రెండోసారికి వచ్చింది. "ఇదైతే నేను తిప్పుతానే" అంది. అంతే, బేరం కూడా ఆడలేదు. అమ్మిన ఆవిడ తన ఫోన్లో వీడియో తీసుకుంది, ఇరవయ్యేళ్ళుగా సేల్‌కి వస్తున్నా గానీ బియ్యంతో టెస్ట్ చేసినవాళ్ళని చూడలేదంది. మీరు ఏ షాపుకెళ్ళినా ఇది చెయ్యండి, ఖాళీ స్ట్రోలర్ ఏదైనా బానే దొర్లుతుంది, బరువు పడ్డాకే దాని గుణం తెలుస్తుంది.

పాతది కొనేటప్పుడు బండి కింద స్టిక్కర్ ఉంటుంది, మోడల్ నంబరూ తయారైన తేదీ చూసి సీపీఎస్‌సీ (వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళ సైట్‌లో రీకాల్ అయిందేమో, అంటే లోపముందని వెనక్కి పిలిచారేమో వెతకండి. అమెరికాలో స్ట్రోలర్లకి తప్పనిసరి సేఫ్టీ రూల్స్ 2015 సెప్టెంబర్ నుంచి వచ్చాయి, అంతకు ముందువి ఎంత చవకైనా నేను తీసుకోను. బెల్టు ఐదు పాయింట్లది ఉండాలి, రెండు భుజాలు, రెండు నడుం, కాళ్ళ మధ్య ఒకటి. హ్యాండిల్‌కి డైపర్ బ్యాగ్ తగిలించొద్దు. ఒకసారి పాపని తియ్యగానే బ్యాగ్ బరువుకి బండి వెనక్కి ఒరిగిపోయింది, బాబు అందులోనే ఉన్నాడు, అమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది, ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడే. ఎండ పడుతోందని పందిరి మీద దుప్పటి కప్పడం కూడా వద్దు, లోపల గాలాడదు, బాగా వేడెక్కిపోతుంది.

పార్కులో ప్రతి పది అడుగులకీ ఎవరో ఒకరు ఆపి ట్విన్సా అని అడిగేవాళ్ళు. అమ్మ అందరికీ నవ్వుతూ తలూపేది, ఇంటికొచ్చాక ఉప్పు దిష్టి తీసేది, స్ట్రోలర్‌కి కూడా ఒక మూల నల్లదారం కట్టింది. అది ఇప్పటికీ ఉంది.

ఇద్దరి మధ్యా రెండు మూడేళ్ళ తేడా ఉంటే నిజంగా డబుల్ కావాలా అని ఆలోచించండి. ఫ్రిస్కోలో మా తోడికోడలు అక్కయ్యకి మూడేళ్ళ బాబు, రెండు నెలల పాప, తను జూవీ కబూస్ తీసుకుంది, ముందు చిన్నదాని కార్ సీట్ తగిలిస్తుంది, వెనక పెద్దోడు నిలబడతాడు లేదా వెనక్కి తిరిగి కూర్చుంటాడు. రెండున్నరేళ్ళు దాటినవాళ్ళకి అలాంటివి. వాడు సగం దూరం నడిచే వస్తాడు కాబట్టి రెండో పెద్ద సీటుకి డబ్బు దండగ అంటుంది, నిజమే. వాళ్ళు డిస్నీకి వెళ్ళబోతూ నన్నడిగారు, అక్కడ 2019 మే నుంచి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించితే రానివ్వరు, పిల్లల్ని కూర్చోబెట్టి లాగే వ్యాగన్లు అసలే రానివ్వరు. ఆ ప్లానుంటే కొనేముందే చూసుకోండి.

జూలైలో అమ్మ వెళ్ళిపోయింది. ఆ తర్వాత మొదటి సోమవారం ఇద్దరితో ఒక్కదాన్నే కిందకి దిగడం ఎలాగో నాకు అర్థం కాలేదు, మెట్ల పైన నిలబడి ఏడ్చా కూడా. తర్వాత దారి దొరికింది. స్ట్రోలర్ ఎప్పుడూ డిక్కీలోనే ఉండాలి, పైకి తేకూడదు. పాప నా ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియర్‌లో, బాబు ఎడమ చంకలో, కుడి చెయ్యి రెయిలింగ్ మీద. కింద ఒక్క చేత్తో డిక్కీలోంచి దించి తెరవాలి, అందుకే అమ్మ వెళ్ళకముందు వారం రోజులు కొబ్బరికాయల సంచి చంకన పెట్టుకుని ప్రాక్టీస్ చేశా. ఒక్క చేత్తో తెరుచుకుంటుందని అట్ట మీద రాసి ఉంటే నమ్మకండి, షాపులోనే రెండో చెయ్యి వెనక పెట్టుకుని చూడండి.

డిసెంబర్లో తెనాలి వెళ్ళేటప్పుడు ఆ బండి తీసుకెళ్ళలేదు. మడిస్తే గొడుగులా అయిపోయే సింగిల్ స్ట్రోలర్లు రెండు కొన్నాం, మధ్యలో క్లిప్పులు పెడితే జంట అవుతాయి, సెక్యూరిటీ దగ్గర విడదీసి ఆయనొకటి నేనొకటి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దిగేదాకా పనికొచ్చాయి. ఇంటికెళ్ళాక అవి వరండాలో మడిచి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, నెల రోజుల్లో ఒక్కసారి తెరవలేదు. మా పెద్దమ్మ, బాబాయిలు, పక్కింటి అత్తయ్య, ఎదురింటి పిల్లలు, ఎప్పుడు చూసినా ఇద్దరూ ఎవరో ఒకరి చంకలోనే ఉన్నారు.