సోమశిల గుడిసె, సముద్రపొడ్డు చుట్టిల్లు

కొల్లాపూర్ దాటి సోమశిల పోయినోళ్లందరు పైన టూరిజం కాటేజీల దగ్గర ఫోటోలు దిగుతరు, ముంగట కృష్ణ, అవుతల నల్లమల గుట్టలు, బాగనే ఉంటది గని నాకైతె కింద నీళ్ల అంచుకున్న చేపలోళ్ల గుడిసెలే చూడబుద్ధైతది. నాలుగు గుంజలు, మీద టార్పాలిన్, పక్కకు బోర్లేసిన పుట్టి, తాడు మీద వలలు. అంతే, గోడ గూడ లేదు.

వీళ్లల్ల విశాఖ, శ్రీకాకుళం దిక్కు నుంచి వచ్చినోళ్లు గూడ ఉంటరు. (సన్న కన్ను వలలతోటి చేపపిల్లల్ని గూడ ఊడ్సుకపోతున్నరని మన మత్స్యకారులకు వీళ్ల మీద కోపం, అది వేరే లొల్లి.) ఒక అవ్వను అడిగిన, మీ దిక్కు గూడ ఇండ్లు గిట్లనే ఉంటయా అని. "ఇది ఇల్లేటి బాబూ, మాది చుట్టిల్లు" అన్నది.

చుట్టిల్లంటే గుండ్రటి మందపు మట్టిగోడ, మీద తాటాకు కప్పు, చూరు ఎంత కిందికుంటదంటే వంగితే గాని లోపలికి పోలేం. ఆ వంగుడు ఊకెనే పెట్టింది గాదు, చూరు కిందికుంటే తుపాను గాలి లోపల జొచ్చి కప్పు లేపదు, వాన గోడకు కొట్టదు, మట్టి కరగదు. "మూలుంటేనే కదా గాలికి పట్టు దొరికేది, గుండ్రంగుంటే సుట్టూ తిరిగెల్లిపోద్ది" అన్నది అవ్వ, నాకు ఇంజనీరింగుల చెప్పినదానికంటే ఇదే మంచిగ అర్థమైంది.

మరి ఈడ ఎందుకు కట్టుకోలేదంటే ఈడ భయం గాలి తోటి గాదు, నీళ్ల తోటి. 1981ల శ్రీశైలం డ్యామ్ నీళ్లు మీదికొచ్చి ఊర్లకు ఊర్లు మునిగినయి, సోమేశ్వరుని గుడిని గూడ విప్పి పైన మళ్ల కట్టిండ్రు. డ్యామ్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగుల మీదుంటది, ఎండాకాలం ఎంత కిందికి పోతదంటే మునిగిన సంగమేశ్వరం గుడి బయటకొస్తది. ఒడ్డు ఏటవాలు గదా, నీళ్లు కొన్ని అడుగులు దిగితే చాలు అంచు చాన దూరం జరుగుతది, దాని ఎంబడే గుడిసె గూడ జరగాలె, పైనుంచి వరదొస్తే మళ్ల ఎనకకు రావాలె. మట్టిగోడ పెట్టి ఏం జేస్తరు?

గా చుట్టిల్లు మోడల్ల సోమశిలల రూములు కడితే బాగుంటదని మా ఫ్రెండు అన్నడు, గుట్ట మీద తాటాకు గుడిసె, లోపల ఏసీ పెట్టి... నాకైతె నచ్చలే. అవ్వ ఊర్ల గూడ ఇప్పుడు స్లాబు ఇల్లేనంట, ఎండాకాలం లోపల ఉడికిపోతం అంటది. అయితె మళ్ల తాటాకే ఏస్కోరాదు అవ్వా అన్న. "కొన్నేళ్లకోపాలి ఆకు మార్పించాల, నేసేవోళ్లు దొరకరు, ఆ డబ్బులు నువ్విస్తావేటి?" అన్నది.