సేవ్ కాని మార్పులు ఉన్నట్టా, లేనట్టా?

నా అవసరం కోసం రాసుకున్న ఒక చిన్న ఎడిటర్‌లో చాలాకాలం ఒక తప్పు ఉండేది. ఫైల్ తెరిచి, దేన్నీ ముట్టుకోకుండా మూసేసినా "మార్పులు సేవ్ చేయాలా?" అని అడిగేది. మొదట్లో దాన్ని చిన్న చికాకుగానే భావించాను. కానీ రోజూ ఆ ప్రశ్నకు "వద్దు" నొక్కడం అలవాటైపోయి, గంటసేపు నిజంగా పనిచేసిన రోజున కూడా వేలు అలవాటుగా "వద్దు" మీదికే వెళ్లింది. పోయిన పనిని మళ్లీ చేసుకున్నాక, ఆ ప్రశ్న వెనుక ఉన్న కోడ్‌ను మొదటినుంచి చదివాను.

అందులో ఉన్నది చాలా ప్రోగ్రాముల్లో ఉండేదే, ఒక డర్టీ ఫ్లాగ్, అంటే మార్పు జరిగిందని గుర్తుపెట్టుకునే చిన్న గుర్తు. మోడల్‌లో, అంటే మెమరీలో ఉన్న ఫైల్ సమాచారంలో, ఏ విలువను రాసినా అది వెలుగుతుంది, సేవ్ చేస్తే ఆరిపోతుంది. అయితే ఈ ఫ్లాగ్ చెప్పేది "ఏదో ఒక పని జరిగింది" అని మాత్రమే. "మెమరీలో ఉన్నదానికీ ఫైల్‌లో ఉన్నదానికీ తేడా ఉంది" అనేది వేరే సంగతి. నా ఎడిటర్ పాత ఫైళ్లను తెరిచేటప్పుడు, వాటిలో లేని ఫీల్డులకు డీఫాల్ట్ విలువలు నింపేది. ఆ నింపే కోడ్ కూడా వాడుకరి మార్పులు వెళ్లే దారినే వెళ్లేది కాబట్టి, తెరవగానే ఫ్లాగ్ వెలిగేది.

ఫ్లాగ్‌కు బదులు అన్‌డూ చరిత్రను ఆధారం చేసుకోవడం కొంత మెరుగైన పద్ధతి. సేవ్ చేసిన క్షణంలో చరిత్రలో ఏ మెట్టు మీద ఉన్నామో గుర్తుపెట్టుకుంటే, వాడుకరి అన్‌డూ చేస్తూ మళ్లీ ఆ మెట్టుకు చేరగానే మార్పులు లేవని చెప్పవచ్చు. ఇక్కడ నేను పడిన గొయ్యి ఒకటుంది. 5వ మెట్టు దగ్గర సేవ్ చేసి, ఒకటి వెనక్కి వెళ్లి, అక్కడినుంచి కొత్త మార్పు ఒకటి చేస్తే మళ్లీ 5వ మెట్టే వస్తుంది, కానీ అది పాత 5 కాదు. అంకెను మాత్రమే పోల్చే ప్రోగ్రామ్ అప్పుడు ధీమాగా "అంతా సేవ్ అయింది" అంటుంది. క్యూటీ లైబ్రరీలోని అన్‌డూ స్టాక్ దీన్ని సరిగ్గా పట్టించుకుంటుంది: సేవ్ అయిన స్థితికి తిరిగి చేరే దారి తెగిపోతే, ఆ స్థితి సూచికను -1 (ఏ మెట్టూ కాదని అర్థం) చేస్తుంది.

అన్‌డూ చరిత్ర కూడా చేతితో వెనక్కి మార్చిన మార్పును గుర్తించలేదు. "ఎరుపు"ను "నీలం" చేసి, అన్‌డూ వాడకుండా మళ్లీ "ఎరుపు" ఎంచుకుంటే, చరిత్రలో రెండు మార్పులున్నా విషయంలో తేడా లేదు. అందుకని మూసే సమయంలో మాత్రం నేరుగా పోల్చాలని నిర్ణయించుకున్నాను. మోడల్‌ను సీరియలైజ్ చేసి (ఫైల్‌లో రాసే బైట్ల వరసగా మార్చి), దాని హ్యాష్‌ను (ఆ బైట్లనుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి చిన్న విలువను) పాత హ్యాష్‌తో పోల్చడమే కదా అనుకున్నాను. అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. ఒకే మోడల్ ప్రతిసారీ అవే బైట్లుగా బయటికి రావాలి. పైథాన్‌లో సెట్‌లో ఉంచిన పదాల వరస ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ మారవచ్చు కాబట్టి, వాటిని క్రమంలో పెట్టి రాయాలి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, ఆ విలువ 0.3తో ఎప్పటికీ సమానం కాదు. విలువలను నేరుగా పోల్చేవారికి నాన్ అనే "సంఖ్య కాని" విలువ మరీ విచిత్రమైనది, అది తనతో తానే సమానం కాదు. తెలుగు పాఠంలోనూ ఇలాంటిదే ఉంది: యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒక్కటే, బైట్లు వేరు.

ఇంకో సంగతి, పోల్చవలసింది డిస్క్ మీది బైట్లతో కాదు. ఫైల్‌ను తెరిచి, డీఫాల్ట్‌లు నింపడం పూర్తయ్యాక, అప్పుడు మోడల్‌ను సీరియలైజ్ చేస్తే వచ్చే రూపాన్నే మూలరూపంగా దాచుకోవాలి. ఈ ఒక్క సవరణతోనే నా పాత తప్పు పోయింది.

సేవ్ వేరే థ్రెడ్‌లో, అంటే వాడుకరి పని ఆగకుండా పక్కన సమాంతరంగా, జరిగేచోట మరో చిక్కు ఉంది. 41వ వెర్షన్‌ను రాస్తుండగా వాడుకరి ఒక అక్షరం కొట్టి 42కు తెస్తే, రాయడం ముగిశాక ఫ్లాగ్ ఆర్పేయడం తప్పవుతుంది. "41 వరకు సేవ్ అయింది" అని మాత్రమే నమోదు చేయాలి. డిస్క్ నిండి రాయడం విఫలమైతే అదీ చేయకూడదు.

ఇక ఫైల్‌ను ఇంకెవరైనా మార్చారా అన్నది రెండో సగం. టైమ్‌స్టాంప్ చూడటం వేగమే గానీ, ఫ్యాట్ ఫైల్ వ్యవస్థలో మార్పు సమయం 2 సెకన్ల మేరకే కచ్చితం. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ కూడా పరిమాణం, సమయం వంటివాటిని ముందు చూసి, ఆ సమయం తన సూచికను (ఫైళ్ల వివరాలు దాచుకునే జాబితాను) రాసిన సమయానికి మరీ దగ్గరగా ఉంటే లోపలి విషయాన్నే చదివి పోల్చుతుంది. నేనూ అదే దారి పట్టాను.

ఇప్పుడు నా ఎడిటర్ మూలరూపం, మెమరీ, డిస్క్ మూడింటినీ చూస్తుంది. మెమరీ ఒక్కటే మారితే సేవ్ చేయాలా అని అడుగుతుంది, డిస్క్ ఒక్కటే మారితే మళ్లీ తెరుస్తుంది, రెండూ వేర్వేరుగా మారితే రెండింటినీ చూపించి ఎంచుకోమంటుంది. రెండూ మారినా ఒకేలా మారితే, మూలరూపాన్ని నిశ్శబ్దంగా మార్చుకుని ఏమీ అడగదు.