మూడు పుట్టినరోజులు

పదకొండున్నర అయింది. పడుకుందామంటే ఆ నెట్ సెంటర్ కుర్రాడే గుర్తొస్తున్నాడు. వదిన పుట్టిన తేదీ గురించి అడిగితే "అందరికీ జనవరి ఒకటే కదండీ" అన్నాడు, అనేసి పక్కవాళ్ళ కాగితాలు అందుకున్నాడు.

వదిన ఓపెన్ స్కూల్ పదో తరగతి దరఖాస్తు సంగతే. మొన్నటిదాకా "ఈ వయసులో ఎందుకే" అన్న అన్నయ్య, ఇవాళ ఫోటో దిగడానికి తనే బండి మీద తీసుకెళ్ళాడు. సంతోషం. ఆ ముక్క ఇంతటితో సరి.

సాయంత్రం ప్రింటు చూస్తే ఒళ్ళు మండింది. ఫోన్ నంబరు గడిలో ఆ కుర్రాడి నంబరే ఉంది. ఓటీపీ కోసం ప్రతిసారీ అడగాల్సిన పని లేకుండా వాళ్ళు చేసే పనే ఇది. రేపు ఫీజు గడువు, పరీక్షల తేదీ, హాల్ టికెట్ వచ్చిందన్న కబురు, అన్నీ అతని ఫోనుకే పోతాయి. అప్పటికి అతను ఆ నంబరు వాడుతుంటాడో లేదో.

రెండోది, లెక్కలు తీసేసి హోం సైన్స్ పెట్టాడు. పెట్టొచ్చు, తప్పు కాదు. ఐదు సబ్జెక్టులు ఉండాలి, అందులో భాష ఉండాలి, లెక్కలు తప్పనిసరేం కాదు. లెక్కల భయంతో బడి మానేసినవాళ్ళు ఈ దారినే ఒడ్డెక్కుతున్నారు. కానీ రేపెప్పుడైనా పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయాలంటే పదిలో లెక్కలు ఉండి తీరాలి. వదినకి పాలిటెక్నిక్ ఎందుకంటారా? ఎందుకూ అక్కర్లేదు. అడగాలి కదా!

అసలు బెంగ మూడోది. పుట్టిన తేదీ 01-01-1979. ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు. ఆధార్ తీసుకున్నప్పుడు తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పినవాళ్ళకి, ఏడాది లెక్కగట్టి జనవరి ఒకటి వేశారు. మన ఊళ్ళో పెద్దవాళ్ళ కార్డులు తీసి చూడండి, సగం వీధి ఒకే రోజు పుట్టి ఉంటుంది. కార్డు మీద ఉన్నంతకాలం అది సరదా. పదో తరగతి మెమో మీదకెక్కితే సరదా కాదు. పాస్‌పోర్టుకైనా, ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి రుజువేదంటే ముందు అడిగేది మెమోనే. ఒకసారి అచ్చయ్యాక దాన్ని దిద్దించడమంటే ఆఫీసుల చుట్టూ తిరగడమే. అందుకే మెమో రాకముందే తేదీ తేల్చుకోవాలి. ఇటు చూస్తే ఆధార్‌లో పుట్టిన తేదీ జన్మకి ఒక్కసారే మారుస్తారు. పేరైతే రెండుసార్లు.

అందుకని పోయిన వారమే వదిన చదివిన ఎలిమెంటరీ స్కూలుకి వెళ్ళి రికార్డ్ షీట్, అంటే బడి రిజిస్టరులో ఉన్న వివరాలు రాసిచ్చే కాగితం, రాయించుకొచ్చాం. ఊరికే వెళ్ళి పేరు చెబితే దొరకదు. బళ్ళో చేరిన ఏడాది, తండ్రి పేరు చెప్పాలి. అడ్మిషన్ నంబరు తెలిస్తే పది నిమిషాల పని. 1982 రిజిస్టరు బీరువా అడుగున ఉంది, అంచులు చెదలు తిన్నా అక్షరాలు బాగానే ఉన్నాయి. వదిన పేరున్న వరస దొరికింది. 10-06-1977.

పైనా కిందా చూశాను. ఆ పేజీలో ఉన్న పిల్లలంతా జూన్‌లోనే పుట్టారు! పంతులుగారు బళ్ళో వేసుకునే రోజుకి ఐదేళ్ళు నిండేలా వెనక్కి లెక్కగట్టి రాసుకున్నారన్నమాట. నెట్ సెంటర్‌లో జనవరి, బళ్ళో జూన్, అంతే తేడా. నేనేమో ఆ కాగితం సంచిలో పెట్టుకుని, అదేదో నిజమైనట్టు కుర్రాడితో వాదనేసుకున్నాను.

మరి అసలు తేదీ? వదిన వాళ్ళమ్మ, మా అత్తయ్యనడిగితే తడుముకోకుండా చెబుతుంది. "నాగులచవితికి పుట్టింది. ఆ శనివారమే ఉప్పెన." మా దివిసీమలో ఇంక ఏడాది చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19, శనివారం. అంటే ఆ ముందు సోమవారమో మంగళవారమో అయ్యుండాలి. పురుడు కూడా వెళ్ళని పిల్లని పాత చీరలో చుట్టి, మేడ ఉన్నవాళ్ళింటికి పరిగెత్తారట. డాబా మీద తెల్లార్లూ నిలబడే ఉన్నారట. పిల్ల ఏడవలేదని అత్తయ్యకి భయం. గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుందట. తెల్లారి చూస్తే పశువుల పాక లేదు, పాక ఉన్న జాగా కూడా ఏదో తెలియలేదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఆ వేలు పెట్టి చూపిస్తుంది, అక్కడ ఇప్పుడూ పిల్ల ఉన్నట్టే.

ఈ తేదీని కాగితం చేయాలంటే దారి ఉంది. పుట్టుక నమోదు కాలేదని పంచాయతీ పత్రం, ఆలస్యపు నమోదుకి దరఖాస్తు, తహసీల్దార్ విచారణ, ఆర్డీవో ఉత్తర్వు. అయ్యేసరికి ఈ ఏటి అడ్మిషన్ల గడువు దాటిపోతుంది.

ఇంతసేపూ దరఖాస్తు ఆపించాలనే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది, ఎవరి కోసం? వదిన ఉద్యోగానికి చదవట్లేదు. బ్యాంకు ఖాతా, పాన్ అన్నీ ఆధార్ తేదీనే పట్టుకుని ఉన్నాయి. మెమో ఒక్కటీ వేరే తేదీతో వస్తే దాని వెనక ఇవన్నీ మార్చుకుంటూ పోవాలి. కుర్రాడు చెప్పిందే నయమేమో. నోరు పారేసుకున్నందుకు సిగ్గుగా ఉంది, ఫోన్ నంబరు సంగతి తప్ప. అది మాత్రం రేపు దగ్గరుండి మార్పిస్తాను. ఫీజు ఇంకా కట్టలేదు, అదొక్కటే నయం.

చదువు సంగతికొస్తే తొందరేం లేదు. ఒక్కో సబ్జెక్టుకి 35 మార్కులు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు, పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు. ఐదూ ఒకేసారి నెత్తినేసుకుని, రెండు పోయేసరికి సిగ్గుపడి మానేసేవాళ్ళే ఎక్కువ. ముందు తెలుగు, సోషల్, హోం సైన్స్‌కి ఫీజు కట్టమన్నాను. "లెక్కలు కూడా" అంది వదిన. హోం సైన్స్ తీసేయమంది. అదీ కుర్రాడికి చెప్పాలి.

లాంగ్ నోట్‌బుక్‌కి అట్ట వేసి, పేరు రాసి బల్ల మీద పెట్టుకుంది. ఇప్పుడే చూశాను, పేరుకి ముందు పుట్టింటి ఇంటిపేరు రాసుకుంది. రికార్డ్ షీట్‌లోనూ అదే ఉంది. ఆధార్‌లో మాది.